పాతాళ గరిట

వైట్ టౌన్‌లో పాత బంగళా సామాన్ల వేలంలో, చుట్టూ కొక్కేలున్న ఇనుప గుత్తి ఒకటి కొన్నాను. ఫ్రెంచోళ్లు దీపాలు తగిలించుకునేదని వేలం వేసినోళ్లు చెప్పారు. తెచ్చి హాల్లో వేలాడదీశాను.

నిన్న మా పెద్దమ్మ చూసి, "ఏందిరా, పాతాళ గరిటను ఈడ తగిలించినావు?" అని ఒకటే నవ్వు.

మన ఈడోళ్లకి గుర్తొచ్చిందా? పేరుకే గరిట. బావిలో చేద పడిపోతే తాడుకి కట్టి దించి, దేవి పైకి తీసేది. తుప్పు వాసన, తడి తాడు, చుట్టూ మూగే మనం! వీధికంతా ఒకటే, మా ఇంట్లో. కావాల్సినోళ్లు ఇత్తడి చెంబొకటి తాకట్టు పెట్టి తీసుకుపోవాల. అది మా అవ్వ రూలు.

చివరగా తీసుకుపోయినోళ్లు తిరిగి తేలేదు. కొళాయిలొచ్చాక మేమూ అడగలేదు. వాళ్ల చెంబు మా వంటింట్లోనే ఉండిపోయింది.

అందులోనే పెద్దమ్మకి నీళ్లిచ్చాను. తాగి, చెంబు తిప్పి చూసి అంది: "గరిట ఇంటికొచ్చేసింది గదా. ఇంక వాళ్ల చెంబు వాళ్లకి ఇచ్చేయాల."