మా అత్త పూడ్చిన సీసా

మా అత్త వెంకాయమ్మ ఆ సీసాను సమాధుల తోటలో పూడ్చి, కాళ్ళూ చేతులూ కడుక్కుని, ఏమీ ఎరగనట్టు వచ్చి కూర్చున్న రోజున నేను ఆమెను అనరాని మాటలన్నీ అన్నాను. వాటిలో ఒక్కటి కూడా వెనక్కి తీసుకోను. ఆ సీసాలో ఉన్నది ఆమె కొడుకు, నా మొగుడు ఫ్రాంక్లిన్ పెద్దపేగులోంచి కోసి తీసిన కేన్సర్ గడ్డ. ఊళ్ళో లత అనే పేటలో ఉన్న ల్యాబ్‌కి చేర్చమని డాక్టరమ్మ నా చేతికిచ్చింది. నేను ఆస్పత్రిలో ఆయన దగ్గర ఉండాలి కదా, రేపటిదాకా ఇంట్లో భద్రంగా పెట్టమని అత్త చేతికిచ్చాను. భద్రం అంటే ఆమెకు తెలిసింది అదీ!

అది రెండువేల ఇరవై ఒకటి. ఫిబ్రవరిలో బర్మాలో సైన్యం గద్దెనెక్కింది. వీళ్ళ కింద పనిచేయం పొమ్మని సర్కారు డాక్టర్లు బయటికి వచ్చేశారు. ఇంటర్నెట్ కోశారు, వీధుల్లో కాల్చారు. మా ఆయనకేమో ఏడాదిగా రక్తం పడుతోంది. మొలలని చెప్పి తప్పించుకున్నాడు, సిగ్గట! సిగ్గుతో చస్తావా అని నెత్తీనోరూ కొట్టుకున్నా వినలేదు. చివరికి పేగు మూసుకుపోయి మెలికలు తిరుగుతుంటే, సమ్మెలో ఉన్న డాక్టర్ సందా ఒక చిన్న ధర్మాసుపత్రిలో, కిటికీలకు దుప్పట్లు కట్టి, కోసి బతికించింది. ముప్పై ఏళ్ళు కూడా లేని పిల్ల.

సీసా ఇచ్చేటప్పుడు ఆమె నన్ను కూర్చోబెట్టి బర్మా భాషలో వివరంగా చెప్పింది. మన ఒంట్లో ప్రతి కణంలోనూ ఒక జన్యువు ఉంటుందట. కణం రెండుగా చీలేటప్పుడు వచ్చే తప్పుల్ని దిద్దించడం దాని పని. దిద్దలేనన్ని తప్పులుంటే, ఇక నువ్వు చచ్చిపో అని కణానికి కబురు పంపడంలోనూ దాని చెయ్యి ఉంటుంది. కొన్ని గడ్డల్లో ఆ జన్యువు ఉన్నచోటే ఉంటుంది, చెడిపోదు. కానీ దాని నోరు నొక్కేసి ఉంటుంది. అప్పుడు చావాల్సిన కణం చావకుండా పెరుగుతూనే ఉంటుంది.

"మామూలుగా ఇచ్చే మందు కణాన్ని గాయపరిచి, దానంతట అదే చచ్చేలా చేస్తుంది. ఆ కబురే అందకపోతే మందు దండగ. ఈయన ఒంట్లో ఉన్న కాస్త శక్తీ పోతుంది. బయట కోవిడ్ ఉంది. పరీక్ష చూడకుండా నేను మందివ్వను, రాణీ అక్కా" అంది.

అంటే మా ఆయన బతుకు ఆ సీసాలో ఉంది. దాన్ని మా అత్త మట్టిలో పెట్టింది.

"అత్తా, నీకు మతి గాని పోయిందేటి? అది గడ్డ! నీ కొడుకుని తింటన్న గడ్డ!"

"గడ్డయితే ఏటి? ఆడి మాంసం కాదేటి? కుక్కలపాలు సెయ్యమంటావేటి?"

ఆమె మొండితనానికి ఒక కథ ఉంది. వయసులో ఆమె బోటాటౌంగ్ రేవులో గోదాముల ముందు ఒలికిన బియ్యం ఊడ్చి, చెరిగి అమ్మేది. మా మామ నాథన్ సేక్కాన్ రేవులో ఓడల కూలీ. ఒకరోజు ఇనప తాడు తెగి కుడిచెయ్యి మోచేతి దాకా తెగిపోయింది. ఆ చేతిని ఈమె పైటలో చుట్టుకుని తిన్నగా పాస్టరుగారి ఇంటికి పోయింది. "కడబూర మోగినప్పుడు మనిషి ఒంటిచేత్తో లెగిస్తే దేవుడికేటి సెప్తావు?" అని నిలదీసి, ప్రార్థన చేయించి పూడ్పించింది. మామ పోయినప్పుడు ఆ చెయ్యి ఉన్నచోటు ఆనవాలు పట్టి, దాని పక్కనే గొయ్యి తీయించింది. ఆ పక్కనే ఇప్పుడు కొడుకు గడ్డ!

మర్నాడు కర్ఫ్యూ తీయగానే పార తీసుకుని బయల్దేరాను. తిట్టుకుంటూనే ఆమె వెంట వచ్చింది. తవ్వింది నేను, చోటు చూపించి ఏడ్చింది ఆమె. సీసా పగల్లేదు, మందునీళ్ళు కారలేదు. లత మలుపులో సిపాయిలు ఆపి సంచి విప్పమన్నారు. నేను సంచి విప్పాను. మా అత్త సీసా లాక్కుని ఒకడి ముక్కు దగ్గర పెట్టి, బర్మా భాషలో, "నా కొడుకు పేగు. చూస్తావా? మూత తియ్యనా?" అంది. వాడు వెనక్కి జరిగాడు. ఆ ఒక్క నిమిషం మాత్రం ఆమెకు దణ్ణం పెట్టాలనిపించింది.

ల్యాబ్‌లో ఆమె కదిలితే ఒట్టు. పరీక్ష అయ్యాక మిగిలింది తిరిగి ఇస్తామని వాళ్ళచేత అనిపించుకున్నాకే లేచింది.

ఫలితం వచ్చిన సాయంత్రం వీధంతా సైన్యం మీద కోపంతో, దయ్యాల్ని తరిమినట్టు గిన్నెలు మోగిస్తోంది. ఆ మోతలో డాక్టర్ సందా మా ఇంటికొచ్చి నా చెవిలో అరిచి చెప్పింది. జన్యువు నోరు నొక్కే ఉంది. గడ్డ పేగు దాటలేదు, కోతలో మొత్తం బయటికి వచ్చేసింది. ఆ మందు వద్దు. ఇలాంటి గడ్డ తీసేశాక మళ్ళీ రావడం తక్కువే. నేను గిన్నె పట్టుకుని ఏడుస్తూ బాదాను.

వానలు మొదలయ్యే ముందు ఆ పిల్లను పట్టుకుపోయారు. గాయపడిన కుర్రాళ్ళకు కట్లు కట్టిందట, అదీ నేరం! వాళ్ళమ్మ డా ఖిన్, అంటే ఖిన్ అమ్మగారు, బట్టలు పట్టుకుని జైలు గేటు చుట్టూ తిరిగింది. చివరికి ఫోన్ వచ్చింది. జబ్బుతో పోయింది, శవాన్ని కాల్చేశాం, రావద్దు అని. శవం లేదు, బూడిద లేదు. వాళ్ళ జిమ్మడ! బతికించే చేతుల్ని చంపి, తల్లికి పిడికెడు బూడిద కూడా ఇవ్వని వీళ్ళు ఏం మనుషులు?

ల్యాబ్ వాళ్ళు మాట నిలబెట్టుకున్నారు. మిగిలిన ముక్కను పూడ్చడానికి అత్తతో నేనే పోయాను. ఫ్రాంక్లిన్ కర్ర పట్టుకుని తన కాళ్ళ మీద తాను నడిచి వచ్చాడు. ముక్క పెట్టి మట్టి కప్పాక, మా అత్త పక్కన ఇంకో గొయ్యి తియ్యమంది. ఎవరికని అడిగాను.

"ఆ డాక్టరు పిల్లకి. డా ఖిన్‌కి సెప్పు. ఆళ్ళు ఎప్పుడు ఏటిచ్చినా, గోరుముక్కైనా, ఇక్కడ సోటుంది. మన మతం కాకపోతే ఏటి, ఒళ్ళు ఒళ్ళే."

ఈసారి నేను కిమ్మనకుండా తవ్వాను. ఆ గొయ్యి ఇంకా పూడ్చలేదు. వాన పడినప్పుడల్లా నేనూ మా అత్తా పోయి అందులో నీళ్ళు తోడి వస్తున్నాం.