ముప్పై సెకన్లు నిలబడలేని మా మంగ పిన్ని

"మంచులో తిప్పి తిప్పి దాని ప్రాణం మీదకి తెచ్చేవు కదే!"

మంగ పిన్ని పోయిందని తెలిసిన ఐదు నిమిషాలకి మా పెద్ద మావయ్య గారు నాతో అన్న మొదటి మాట ఇది.

నిన్న పొద్దున్నే ఫోన్. కొత్తపేటలో, నిద్రలోనే, గుండె ఆగిపోయిందట.

నేను "ఏ మంగ?" అని అడిగాను. మా మొత్తం చుట్టాల్లో ఉన్నది ఒక్కతే మంగ.

మంచుకీ గుండెకీ సంబంధం లేదని డాక్టర్ గారే చెప్పారు. అయినా మా వాళ్ల థియరీ రెండేళ్లుగా ఒక్కటే. కువైట్ నుంచి బుద్ధిగా తిరిగొచ్చిన మంగని, డిగ్రీ పాసై ఖాళీగా ఉన్న నేను కెమెరా పట్టించి చెడగొట్టాను.

మా చుట్టాలందరూ చదువుతారు కాబట్టి ఈ పోస్ట్‌లోనే రాస్తున్నాను. కెమెరా పిన్నిది. ఐడియా పిన్నిది. రాత్రి తొమ్మిదింటికి "బయల్దేరేవా?" అని ఫోన్ చేసేది పిన్ని.

నేను స్కూటీ డ్రైవర్‌ని. అంతే.

తిట్టిన గంటకి అదే మావయ్య గారు, "ఫ్లెక్స్‌కి మంగ ఫొటో కావాలే. నీ దగ్గర బోల్డు ఉంటాయిగా" అన్నారు.

ఉన్నాయి. రెండేళ్ల ఫొటోలు. దాదాపు అన్నింట్లోనూ పిన్ని ఉంది.

ఒక్కదాంట్లో కూడా ముఖం లేదు.

పన్నెండేళ్లు కువైట్‌లో ఒకే ఇంట్లో వంట చేసింది పిన్ని. వచ్చేటప్పుడు ఆ ఇంటి పెద్దబ్బాయి తన పాత కెమెరా ఇచ్చాడు. ఇక్కడ అందరూ బంగారం ఎంత తెచ్చిందని ఆరా తీస్తుంటే, తను నన్ను గదిలోకి పిలిచి, "ఏవే, దీంతో చీకట్లో ఫొటో ఎలా తియ్యాలో చూసి చెప్పు" అంది.

"పగలు తీసుకోవచ్చు కదా పిన్నీ?"

"అక్కడ పగలంతా వంటే కదే. నేను ఊరు చూసిందంతా రాత్రి పనయ్యేకే."

చీకట్లో ఫొటో అంటే కెమెరాని స్టాండ్ మీద పెట్టి, బటన్ నొక్కి, ముప్పై సెకన్లు వదిలెయ్యాలి. ఆ ముప్పై సెకన్లూ కదలనివి స్పష్టంగా పడతాయి. కదిలినవి పొగలా అలుక్కుపోతాయి.

ఇదంతా పిన్నికి నెలలో వచ్చేసింది. రానిది ఒక్కటే. ఆ ముప్పై సెకన్లు ఊరుకోవడం.

ఎదురుగా మనిషి వెళ్తుంటే పలకరించకుండా ఎలా ఉంటాం? బటన్ నొక్కేది, ఎవరో కనపడేవారు, తిన్నగా ఫ్రేమ్‌లోకి నడిచి వెళ్లిపోయేది.

రావులపాలెం అరటి మార్కెట్‌లో లోడింగ్ జరుగుతోంది. పిన్ని నొక్కింది. లారీ పక్కన ఒక పెద్దాయన కనపడ్డాడు. "ఏ ఊరండీ మీది?" అంటూ వెళ్లిపోయింది.

ఫొటోలో లారీ సూపర్. గెలలు సూపర్. ఆ గెలల ముందు పిన్ని గాజుగ్లాసులా నిలబడి ఉంది. పొట్టలోంచి నాలుగు గెలలు కనపడుతున్నాయి.

"కువైట్ నుంచి వచ్చేక ఇంత పల్చబడ్డం ఇదే మొదలు" అని తెగ మురిసిపోయింది.

ఇంకోసారి కాట్రేనికోన దగ్గర, రొయ్యల చెరువు గట్టు మీద ఉన్నాం. వాచ్‌మన్ టార్చ్ వేశాడు.

"ఎవరండీ అక్కడ? రొయ్యలకొచ్చేరా?"

దొంగల్ని కూడా అండీ అనే ఊళ్లు మావి.

"కాదండీ, ఫొటోకొచ్చేవండీ."

"చీకట్లో ఫొటో ఏవిటండీ?"

పిన్ని ఆయన్నే గట్టు మీద నిలబెట్టింది. "కదలకండి, ముప్పై లెక్కపెడతాను" అంది. ఆయన ఊపిరి కూడా బిగబట్టాడు. పిన్ని పన్నెండు దాకా లెక్కపెట్టి, "మీ అమ్మాయికి పెళ్లైందాండీ?" అంటూ ఆయన దగ్గరికి వెళ్లిపోయింది. ఆయన పెదవి కదపకుండా "ఊఁ" అన్నాడు.

ఫొటోలో ఆయన కర్రతో సహా శిల్పం. పక్కన గాజులున్న పొగ.

"నేను బానే పడ్డానండీ. ఈ పక్కన దెయ్యం ఎవరండీ?"

"నేనేనండీ, ఆయ్."

అదీ మా ఫొటోల సంగతి.

చివరికి మావయ్య గారు పిన్ని వీసా ఫొటో ఇచ్చారు. ఫ్లెక్స్ షాపాయన దాని మెడ కింద ఎవరిదో పట్టుచీర, ఎవరిదో కాసులపేరు అతికించాడు. వెనక మేఘాలు, రెండు పావురాలు. ముఖం మాత్రం వీసా వస్తుందో రాదో అన్న భయంతో అలాగే ఉంది.

రెండేళ్లు పిన్ని పక్కన నిలబడ్డాను. ఆ ముఖం నేను ఒక్కసారి కూడా చూడలేదు. కొత్తపేట సెంటర్‌లో పదకొండు రోజులు అందరూ చూసేది అదా?

నా ఫోన్‌లో పోయిన నెల వాడపల్లి ఫొటో ఒకటి ఉంది. శనివారం దర్శనం అయ్యాక గోదావరి రేవు దగ్గర తీసింది. బటన్ నొక్కాక మెట్ల మీద వరసగా ముగ్గురు ఆడవాళ్లు వచ్చారు. పిన్ని ఒక్కొక్కరి దగ్గరా పదేసి సెకన్లు ఆగింది.

వాళ్లు నడుస్తూనే బదులిచ్చి వెళ్లిపోయారు, ఫొటోలో పడలేదు. పడింది ముగ్గురు పిన్నులు. పై మెట్టు మీద ఒకరు, మధ్యలో ఒకరు, నీళ్ల దగ్గర ఒకరు. ముగ్గురికీ నడుం మీద చెయ్యి, పక్కకి వాలిన తల. కొత్తపేటలో ఎవరికి చూపించినా మంగే అంటారు.

మావయ్య గారు చూసి, "ముగ్గురేవిటే? పోయింది ఒక్కత్తేగా!" అన్నారు.

షాపాయన, "పేరు ఏ మేడమ్ గారి కింద వెయ్యమంటారండీ?" అన్నాడు.

మా అమ్మ నిన్నటి నుంచి ఏడుస్తూనే ఉంది. అది విని ఫక్కున నవ్వింది. మళ్లీ ఏడ్చింది.

వెళ్లిరా పిన్నీ. అక్కడ ఎవరెదురైనా తీరిగ్గా పలకరించు. ముప్పై సెకన్ల లెక్క ఇక లేదు. నీ ప్రాణం హాయిగా, చల్లగా ఉండాలి.

వీసా ఫొటో క్యాన్సిల్ చేయించాను. వాడపల్లి ఫొటో ప్రింటింగ్‌కి ఇచ్చేశాను. పేరు మధ్యావిడ కింద ఉంటుంది. సాయంత్రం కడతారు.