మోచేతి మీద దూది

క్షయకు మందులు వాడుతున్న రోజులవి. మూడో నెలలో దగ్గు తగ్గిందని మాత్రలు మానేశాను. ఒక మధ్యాహ్నం గద్వాల బస్సులో మగ్గం నేసే ఒకాయన నా పక్కన కూర్చున్నాడు. మోచేతి దగ్గర దూది అంటించి ఉంది. ఏమైందని అడిగాను.

"నాకు టీబీ ఉండె సారు. ఊపిరితిత్తులను తినే ఎంజైములు రక్తంల ఉంటయంట. మందు పడుతుంటే అవి తగ్గుతయా అని డాక్టర్లు చూస్తున్నరు. మందు వాడినప్పటి సంది పిలిచినప్పుడల్లా పోయి రక్తమిచ్చొస్త."

"మీకింకా నయం కాలేదా?"

"నయమై ఏడాదాయె. గని నా రక్తం చూస్తే, రేపు ఇంకొకరికి మందు పనిచేస్తదో లేదో జల్ది తెలుస్తదంట. ఒక్కరోజు మగ్గం ఆగితే ఏమైతది?"

బస్సు దిగి నేరుగా దవాఖానకు నడిచాను. డాక్టరు కోప్పడి, మందులు మళ్లీ మొదటి నుంచి రాశారు. ఈసారి ఒక్క పూట కూడా మానలేదు.