అనీస్ బేగం కాగితపు చుక్కలు

అనీస్ బేగం పోయి మొన్న శ్రావణానికి రెండేళ్లయింది. ఆమె గురించి రాయడానికి నాకు పెద్ద చదువు లేదు, నాలుగో తరగతితో బడి మానేశాను. చూసింది చూసినట్టు రాస్తాను.

హన్మకొండలో మా గల్లీ చివర ఆమెది ఒక్క గది పెంకుటిల్లు. పెళ్లి పందిళ్లకు కాగితపు పూలు కట్టి బతికేది. పతంగి కాగితాన్ని ఎనిమిది మడతలు వేసి ఒక్క కత్తెర వేటుతో రేకులు కోసేది. రేకు అంచును కత్తి వెనక వైపుతో రాస్తే అది నిజం పువ్వులా ముడుచుకునేది. ఆమెకు ముగ్గురు పిల్లలు పుట్టి పోయారు, తరువాత భర్తా పోయాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పుకునేది కాదు.

డెబ్బై ఎనిమిది ఆషాఢంలో నా బిడ్డ యాకలక్ష్మి మెదడువాపు జ్వరంతో పోయింది. ఆరేళ్లు దానికి. పిల్లను పోగొట్టుకున్న తల్లి ఏడాది నిండేదాకా ఇంకొకరి పిల్లల పండుగలో చెయ్యి పెట్టకూడదని మా వాడకట్టులో పట్టింపు. ఎవరో అనకముందే నేనే తప్పుకునేదాన్ని.

ఆ డిసెంబరులో గల్లీ పిల్లలు చదివే బడిలో గ్రేసమ్మ టీచర్ సరుగుడు కొమ్మతో క్రిస్మస్ చెట్టు పెడతానన్నారు. చెట్టుకు కట్టే కాగితపు సామాను పిల్లలతో చేయించమని అనీస్ బేగానికి చెప్పి పంపారు. అలాంటి చెట్టును ఆమె ఎన్నడూ చూడలేదు. పీర్ల పండుగ అయి పది రోజులే, చేతికి అదే అలవాటు. పిల్లలను కూర్చోబెట్టి, పీరుకు కట్టే రంగుగుడ్డ దట్టీల్లాంటి పొడుగు పట్టీలు, నడుమ నడుమ పసుపు కాగితపు నిమ్మకాయలు చేయించింది.

టీచర్ చూడవచ్చి నవ్వాపుకోలేకపోయారు.

"బేగమ్మా, ఇది చెట్టుకా, పీరుకా?"

"నాకేం ఎరుక టీచరమ్మా? కొమ్మకు కట్టుడంటే గిట్లనే అనుకున్న."

"ఇగ డప్పులు కొట్టి ఊరేగించుడే తక్కువ!" అంది మా ఎదురింటి మొగిలమ్మ కూతురు సోమలత.

చుక్కలు, గంటలు కావాలని టీచర్ ఒక్కొక్కటి కోసి చూపించి వెళ్లారు. రెండు రోజులే గడువు. అనీస్ బేగం తిన్నగా మా గుమ్మంలోకి వచ్చి నన్ను పిలిచింది.

"పూలమ్మా, జర రా. నా ఒక్కదానితోని అయితలేదు."

"నేనెందుకు పెద్దమ్మా, నా చెయ్యి..."

"ఖాళీగనే ఉన్నది కదా? నడువు."

వెళ్లాను. ఆమె గదిలో మైదా గంజి గిన్నె ముందు కూర్చుని కాగితం మడిచాను. మొదటి చుక్క వంకర పోయింది.

"అత్తమ్మా, గది చుక్క కాదు, ఎండ్రికాయ!" అని సోమలత పకపకా నవ్వింది. నాకూ నవ్వు వచ్చింది. వచ్చినందుకు భయం వేసింది.

అప్పుడే మొగిలమ్మ కూతురి కోసం వచ్చింది. నన్ను చూసి గడపలోనే ఆగింది.

"ఏమనుకోకు వదినా. ఏడాది తిరగకపాయె. పిల్లల పండుగల నీ చెయ్యెందుకు?"

నేను కత్తెర కింద పెట్టి లేవబోయాను. అనీస్ బేగం నా కొంగు పట్టి కూర్చోబెట్టింది. తల ఎత్తకుండానే అడిగింది.

"మొగిలమ్మా, నీ పెండ్లి పందిరికి పూలు కట్టిందెవలు?"

"నువ్వే."

"అప్పటికి నా మూడో బిడ్డ పోయి నెల గాలే."

మొగిలమ్మ, "మాకెవ్వలు చెప్పలే" అంది.

"ఎవలడిగిన్రు? పూలడిగిన్రు, కట్టిన."

మొగిలమ్మ కూతురి రెక్క పట్టుకొని వెళ్లిపోయింది. మిగతా పిల్లలు మా ఇద్దరి ముఖాలూ చూస్తూ కూర్చున్నారు. అనీస్ బేగం కత్తెర నా ముందుకు జరిపి, "కొయ్యి" అంది. కోశాను. కళ్లు మసకబారి రెండు చుక్కలు చెడగొట్టాను. ఆమె ఇంకో కాగితం ఇచ్చింది.

మర్నాడు నేను పిలవకుండానే వెళ్లాను. సోమలత రాదనే అనుకున్నాను. పొద్దెక్కాక వచ్చి, అందరినీ దాటుకొని నా పక్కన కూర్చుంది. తలుపులోంచి చూస్తే గల్లీలో తన గడప మీద మొగిలమ్మ చాట పట్టుకొని నిలబడి ఉంది. పిలుస్తుందేమోనని చూశాను. బియ్యం చెరుగుతూ మా వైపే చూస్తోంది. పిలవలేదు.

"అత్తమ్మా, గంట ఎట్ల కొయ్యాలె?"

పిల్ల వేళ్లను కత్తెరలో సర్ది, దాని చెయ్యి మీద నా చెయ్యి వేశాను.