తడి వత్తి సాక్ష్యం

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. పద్దెనిమిదేళ్ల వయసు, మిషను బడి చదువు, అట్ట ఊడిపోయిన ఒక సామాన్య శాస్త్రం పుస్తకం, ఈ మూడూ ఒకచోట చేరితే మనిషి ఎంత భరించరానివాడుగా తయారవుతాడో నన్ను చూసినవాళ్లకు తెలుసు. మా తాలూకాలు అప్పటికి కర్నూలు జిల్లాలో ఉండేవి, పైన చెన్నపట్నంలో దొరల పరిపాలన. మార్కాపురం చుట్టుపక్కల నేల కింద పలకరాయి దొరుకుతుంది. అలాంటి ఒక చిన్న గనిలో నేను మందు గుమస్తాని. (మందంటే ఒంటికి వేసేది కాదు, రాతిలో కూరి పేల్చేది. మా అమ్మ మాత్రం చుట్టాలకు ఈ తేడా విడమరిచి చెప్పేది కాదు.) మందు కొట్టు తాళం నా మొలతాడుకు ఉండేది. బెజ్జంలో మందు కూరాక దానికి నిప్పు అందించే వత్తిని చుట్ట నుంచి కొలిచి కోసి ఇవ్వడం నా పని. రోజూ మొదటి వత్తి కోసేముందు చుట్ట చివరి జానెడు ముక్క తీసి పారేయాలి, ఎందుకంటే రాత్రంతా గాలి తగిలి ఆ కొసకు తేమ పడుతుంది. ఈ నియమం అచ్చువేసిన కాగితం మీద ఉండేది. దాన్ని నేను పాఠంలా ఒప్పజెప్పగలిగేవాణ్ణి.

గనిలో బెజ్జాలు వేసి వత్తి ముట్టించేది స్తోత్రం పెదనాయన. మా నాయనకు అన్న కాదు, కానీ మా పాలెంలో అందరికీ పెదనాయనే. సమ్మెట దెబ్బ సరిగ్గా పడినా స్తోత్రం, గంజిలో ఉప్పు సరిపోయినా స్తోత్రం అనేవాడు కాబట్టి ఆ పేరు. మా పాలెం గుడికి సంఘపెద్ద కూడా ఆయనే. ఆయన భార్యను పెద్దమ్మ అనేవాళ్లం. ఆమె అదే గనిలో పలకలు చీల్చేది. నేను చదివిన సైన్సునంతా పెదనాయన మీద ప్రయోగించడం నాకు నిత్యకృత్యం. దేవుణ్ణి నమ్మనని కాదు, ఆదివారం ముందు వరసలోనే కూర్చునేవాణ్ణి. కానీ గుడిలో చెప్పే అద్భుతాలన్నిటికీ ఒక్కొక్కటిగా కారణం చెప్పేస్తే దేవుడి పరువు ఇంకా పెరుగుతుందని నా ఉద్దేశం.

ఆ శుక్రవారం పొద్దున కూడా అదే జరిగింది. రెండు రోజులుగా ముసురు పట్టి, ఆ పూటే తెరిపిచ్చింది. పెదనాయన వత్తి కోసం కొట్టు దగ్గరికి వచ్చాడు. నేను చుట్ట చేతిలోకి తీసుకుంటూ, బైబిల్లో దేవుడు తన జనానికి దారిగా చీల్చిన ఎర్ర సముద్రం దగ్గర మొదలుపెట్టాను.

"పెదనాయనా, సముద్రం చీలిందంటే తూర్పుగాలి గట్టిగా కొట్టి ఉంటది. లోతు లేనిచోట నీళ్లు పక్కకు పోతాయి. దాంట్లో వింత ఏముంది?"

"గాలి తోలింది ఎవురురా?"

"గాలిని ఎవరూ తోలరు. వేడికి తేలికై పైకి లేస్తది, ఆ ఖాళీలోకి చల్లగాలి వస్తది."

"మన గనిలో వేడికేం తక్కువ? ఇక్కడెందుకు లేవదు?"

దీనికి పుస్తకంలో జవాబు ఉంది. ఏ పుటలో ఉందో కూడా నాకు తెలుసు. ఆ పుటను మనసులో తిరగేస్తూనే వత్తి కొలిచి, కోసి ఇచ్చాను. ఆయన స్తోత్రం చెప్పి తీసుకుపోయాడు.

మందు కూరడం అయింది. మేస్త్రీ ఈల వేశాడు. మేస్త్రీ ఊళ్లో ఆసామి, మీసాలు పెద్దవి, మాట దురుసు. ఈల వినగానే అందరం రాళ్లగోడ వెనక్కి చేరాం. పెదనాయన వత్తి ముట్టించి, సన్నగా పొగ లేవడం చూసుకుని, వెనుదిరిగి పరిగెత్తాడు. వత్తి ముట్టిన క్షణం నుంచి పైకి లెక్కపెట్టడం నా పని. నూరు దాటకముందే పేలాలి. నేను పన్నెండు దగ్గర ఉండగా పెదనాయన కాలి కింద వాన నీటికి నానిన పలక జారింది. ఆయన పక్కకు ఒరిగాడు. కుడికాలు రెండు బండల మధ్య నెరియలోకి చీలమండ దాకా దిగి, పైనుంచి ఇంకో పలక జారి దాన్ని బిగించేసింది. మందు పెట్టిన బెజ్జానికి ఆయన ఐదారు బారల దూరంలో ఉన్నాడు. చెయ్యి చాస్తే వత్తి అందదు, మేము గోడ వదిలి పరిగెత్తుదామంటే అది నూరు లోపల ఏ అంకె దగ్గర పేలుతుందో ఎవరూ చెప్పలేరు.

"ఎవురూ కదలొద్దు," అన్నాడు మేస్త్రీ. ఆయన గొంతు అంత చిన్నగా రావడం నేను వినడం అదే మొదలు.

నేను లెక్క ఆపలేదు. ఆపాలని తోచలేదు. ముప్పై, ముప్పై ఒకటి. పెదనాయన రెండు చేతులతో కాలు పట్టుకుని లాగుతున్నాడు. నలభై, యాభై. లాగడం మానేశాడు. గోడ వైపు చూసి, మా అందరినీ ఒకసారి కలియజూసి, కళ్లు మూసుకుని చేతులు జోడించాడు. పెద్దమ్మ గోడ అంచు దాటబోయింది. నేను ఆమె రెట్ట పట్టుకున్నాను. నేను అరవై అన్నాను, డెబ్భై అన్నాను. ఎనభై దాటాక నా నోట్లోంచి వస్తున్నవి అంకెలో కావో నాకే తెలియలేదు. తొంభై తొమ్మిది దగ్గర అందరం తలలు దించాం.

నూరు. నూట పది. నూట ముప్పై. పొగ ఆగిపోయింది. పేలలేదు.

పేలనంత మాత్రాన ఊపిరి పీల్చుకోవడానికి లేదు. మందు ఒక్కోసారి నిద్రపోతుందనేవాళ్లు మా గనిలో. లోపల నిప్పు నిదానంగా రాజుకుంటూ ఉండి, మనిషి దగ్గరికి వెళ్లాక లేస్తుంది. అందుకే అరగంట దాకా ఎవరూ అటు అడుగుపెట్టకూడదు. ఆ అరగంటా పెదనాయన అక్కడే ఉండాలన్నమాట. నేను ఆ నియమాన్ని పెద్దమ్మ చెవిలో చెబుతున్నాను, అచ్చు కాగితంలో ఉన్నట్టే. ఆమె తల వంచి, నా మణికట్టును పళ్లతో కొరికింది. నా పట్టు జారింది. ఆమె గునపం అందుకుని పరుగు తీసింది.

తర్వాత నేనేం ఆలోచించానని చాలామంది అడిగారు. ఏమీ ఆలోచించలేదు. చెయ్యి మండుతోంది, పెద్దమ్మ ముందు పోతోంది, నా కాళ్లు ఆమె వెనక పోయాయి, అంతే. ఆమె పలక కింద గునపం దూర్చి ఎత్తింది, నేను పెదనాయన చంకల కింద చేతులేసి లాగాను. చెప్పు నెరియలోనే ఉండిపోయింది, కాలు వచ్చింది. ముగ్గురం ఒకరి మీద ఒకరు పడుతూ గోడ వెనక్కి వచ్చి పడ్డాం. గంట గడిచినా అది పేలలేదు. మేస్త్రీ బెజ్జంలో నీళ్లు పోయించి మందును చంపించాడు.

"నమ్మిన దేవుడు విడిచిపెట్టలేదయ్యా నిన్ను," అన్నాడు పెదనాయనతో. ఇరవై ఏళ్లుగా ఆయన్ని "ఒరే" అని తప్ప పిలిచి ఎరగని మనిషి.

మధ్యాహ్నం వత్తి చుట్ట తిరిగి పెట్టడానికి కొట్టులోకి వెళ్లాను. తేమ కొసలు కోసి పడేసే తట్ట ఒకటి మూలన ఉంటుంది. అందులో నిన్నటి ముక్క ఉంది, మొన్నటిది ఉంది. ఇవాళ్టిది లేదు. నేను తట్ట బోర్లించి కూడా చూశాను. ఎర్ర సముద్రం మీద గాలి వీయిస్తూ, తేమ పట్టిన జానెడుతో సహా వత్తి కోసి ఇచ్చేశాను. ఆ తడి కొస మందులోకి పోయింది. నిప్పు అక్కడిదాకా పోయి ఆరింది. అద్భుతాలన్నిటికీ కారణం చెప్పాలని తహతహలాడిన నాకు, పూర్తిగా నా సొంతమైన కారణం ఒకటి దొరికింది. తట్టను మళ్లీ మూలన పెట్టి, కొట్టుకు తాళం వేసి, ఎవరికీ చెప్పకుండా వచ్చేశాను.

ఆదివారం గుడి నిండిపోయింది. పెదనాయన కుంటుకుంటూ లేచి, దేవుడు చేసిన మేలును సంఘం ముందు చెప్పుకునే సాక్ష్యం చెప్పాడు. పెద్దమ్మ ధైర్యం గురించి రెండు మాటలు, నా విశ్వాసం గురించి పది మాటలు. (కొరికిన సంగతి ఆమె చెప్పలేదు, నేనూ చెప్పలేదు.) ఆడవాళ్లు నా వైపు తిరిగి కళ్లు ఒత్తుకున్నారు. నేను బల్ల కింది మట్టిని చూస్తున్నాను. అంతలో పెదనాయన అన్నాడు: "ఆయన కాపాడినాక నేను పరిగెత్తితే ఆయన్ని నమ్మనట్లే గదా. రేపటి నుంచి నేను పరిగెత్తను. వత్తి ముట్టించి, పాట పాడుకుంటా ఆడనే నిలబడతా."

గుడంతా ఆమెన్ అంది. వెనక వరసలో బెజ్జాలు వేసే ఇద్దరు పెళ్లికాని పిల్లగాళ్లు తామూ నిలబడతామన్నారు. సోమవారం మందు ఉంది. వత్తి కోసేది నేను.

చెబితే ఉద్యోగం పోవడం ఒక ఎత్తు. పాలెం మొహాన అంతటి వెలుగు నేనెప్పుడూ చూడలేదు. మేస్త్రీ నోట ఆ "అయ్యా" మళ్లీ వినబడకపోవచ్చు. అదంతా నా చేత్తో ఆర్పేయాలి. మిట్టమధ్యాహ్నం ఎండలో పెదనాయన ఇంటికి నాలుగుసార్లు వెళ్లి మూడుసార్లు వెనక్కి వచ్చాను. నాలుగోసారి పెద్దమ్మ చూసి, "ఏందిరా, కుక్క తిరిగినట్ల తిరుగుతుండావు, లోపలికి రా," అంది.

పెదనాయన మంచం మీద కాలికి పసుపు పట్టు వేసుకుని ఉన్నాడు. నేను నిలబడే మొత్తం చెప్పాను, తట్టతో సహా. ఆయన మొహంలోకి చూడలేక పసుపు కాలితోనే మాట్లాడాను.

"నీకు కొలువై ఎన్నాళ్లయిందిరా?" అన్నాడు ఆయన.

"ఎనిమిది నెలలు."

"ఇంతకుముందు ఎన్నిసార్లు మరిచినావు?"

"ఒక్కసారి గూడా లేదు పెదనాయనా."

"మరి నా కాలు ఇరుక్కున్న రోజే మరిచినావు." ఆయన గొంతులో కోపం లేదు. "వత్తి ఎందుకు ఆరిందో నీ పుస్తకం చెప్పె, బాగానే ఉంది. నువ్వు ఆ పొద్దే ఎందుకు మరిచినావో చెప్పిందా?"

నా దగ్గర ఉన్నది ఒకటే మాట, దాన్నే చెప్పాను. "సోమవారం మరవను పెదనాయనా. జానెడు గాదు, రెండు జానలు కోసి పారేస్తా. అది ఖాయంగా పేలతాది. నువ్వు ఆడ నిలబడితే..." ఏడ్చానని ఒప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గేమీ లేదు.

అంతవరకూ పొయ్యి దగ్గరే ఉన్న పెద్దమ్మ లేచి వచ్చింది. "దేవుడు నీ కోసరం ఈ పిల్లోడిని ఒకనాడు మరిపించినాడు. సరే. దినామూ మరిపించమని అడుగుతావా? కాలు ఇరుక్కున్నోడిని ఆయన కాపాడినాడు. కాళ్లు బాగున్నోడిని పరిగెత్తమనే గదా ఆ కాళ్లు ఇచ్చింది." తర్వాత నా వైపు తిరిగింది. "నువ్వు పోయి మేస్త్రీకి చెప్పు. కొడితే కొట్టించుకో."

సోమవారం పొద్దున మేస్త్రీకి చెప్పాను. కొట్టాడు, రెండు. మొలతాడు నుంచి తాళం లాక్కుని, వత్తి నా చేత తన ఎదుటే కోయించాడు. ఆ ఇద్దరు పిల్లగాళ్లను గోడ వెనకే కూర్చోబెట్టాడు. పెదనాయన మాత్రం ఏ సంగతీ తేల్చి చెప్పకుండానే బెజ్జం దగ్గరికి వెళ్లాడు. ఈల వేశారు. వత్తి ముట్టింది. నేను ఒకటి అన్నాను, రెండు అన్నాను. ఆయన నడుస్తున్నాడు. పరుగు కాదు, నడక, అదీ కుంటుతూ. పది. పదిహేను. సగం దూరంలో ఆగాడు. వెనక్కి తిరిగి పొగను చూశాడు. నా లెక్క ఆగిపోయింది. మేస్త్రీ గోడ ఎక్కి, "రావయ్యా సామీ, నీకు దండం పెడతా, రా," అని నిజంగానే దండం పెట్టాడు. పెద్దమ్మ గునపం అందుకుని గోడ దాటి ఒక్క అడుగు బయటికి వేసి నిలబడింది.

పెదనాయన ఆమెను చూశాడు. పంచె ఎగ్గట్టి పరుగెత్తాడు. ఆ వయసులో, ఆ కాలితో అంత పరుగు మళ్లీ నేను చూడలేదు. ఆయన గోడ వెనక కూలబడి ఊపిరి తీసుకునేలోపే నేల అదిరింది. మా నెత్తిన రాతిపొడి వానలా పడింది. దుమ్ములోంచి ఆయన గొంతు వినిపించింది: "స్తోత్రం. బాగా కోసినావురా."

తాళం నాకు మూడు నెలల తర్వాత తిరిగి ఇచ్చారు. మేస్త్రీకి ఒకసారి అలవాటైన "అయ్యా" మాత్రం ఎందుకో మళ్లీ "ఒరే" కాలేదు. దీనికి నా పుస్తకంలో కారణం వెతకలేదు.

తర్వాత నేను ట్రెయినింగు చదివి గిద్దలూరు వైపు బడిపంతులుగా వెళ్లిపోయాను. పెదనాయన మాత్రం ఏటా సాక్ష్యం చెబుతూనే ఉండేవాడు, నా తప్పును కూడా అందులో కలిపి. మొదటి ఏడు నేను కోయడం మరిచింది జానెడు. నాలుగైదేళ్లకు అది మూరెడయింది. నేను పెళ్లి చేసుకుని సెలవులకు వచ్చి విన్న ఏడాది, దేవుడు నా చేత వత్తి మీద కుండెడు నీళ్లు పోయించాడు. పక్కనున్న నా భార్య చెవిలో, "నిజమేనా?" అని అడిగింది. పద్దెనిమిదేళ్లప్పుడైతే లేచి నిలబడి, కుండ లేదు, అది గాలిలో తేమ, అని సంఘమంతటికీ వివరించి ఉండేవాణ్ణి. ముసలాయన గొంతు వణుకుతోంది, పెద్దమ్మ నవ్వు ఆపుకుంటూ నా వైపే చూస్తోంది.

"దాదాపు," అన్నాను. అందరితో పాటు ఆమెన్ కూడా అన్నాను, కాస్త గట్టిగానే.