తప్పినవాళ్ళ టీచరుగారు

మా లెక్కల టీచరుగారు పోయారని మొన్న సోమవారం పొద్దున ఆవిడ చెల్లెలు మా ఊరు కంకిపాడుకు కబురు పంపింది. నేను పటమటలో ఆవిడ ఇంటికి చేరేసరికి వచ్చేపోయేవాళ్ళ కోసం వాకిట్లో బెంచీలు వేశారు. ఆ బెంచీల మీదే మేమందరం చదువుకున్నాం. మేమంటే, పది తప్పినవాళ్ళం.

బళ్ళో ఆవిడ అందరికీ లెక్కలు చెప్పేవారు. ఇంటి వసారాలో మాత్రం పరీక్ష తప్పి, పుస్తకం మొహం చూడడం మానేసిన పిల్లలనే కూర్చోబెట్టుకునేవారు. డెబ్బై మూడులో మా నాన్న నన్నక్కడ దింపి వెళ్ళాడు. నాకప్పుడు పదిహేనేళ్ళు. ఎవరేం అడిగినా "నాకు రాదు" అనడం అలవాటైపోయింది. అలా అంటే ఇంకెవరూ ఏమీ అడగరు.

"నీకొచ్చిన లెక్క ఒకటి చేసి చూపించమ్మా" అన్నారావిడ.

"నాకేమీ రావండీ."

"సరే, ఎక్కడిదాకా వచ్చో చూద్దాం."

ఒక్కో తరగతే వెనక్కి తీసుకెళ్ళారు. నాలుగో తరగతి భాగహారం దగ్గర నా చెయ్యి కదిలింది. సిగ్గుతో తల వంచుకున్నాను. "ఇక్కడిదాకా వచ్చుగా. ఇక్కణ్ణుంచే మొదలుపెడదాం" అన్నారు. ఆ గొంతులో జాలి లేదు. అదే నన్ను నిలబెట్టింది.

ఆవిడ శభాష్ అనడం నేనెప్పుడూ వినలేదు. లెక్క తేలితే, "ఎట్లా చేశావో పక్కమ్మాయికి చెప్పు" అనేవారు. చెబుతూ ఉంటే నా గొంతు నాకే కొత్తగా వినిపించేది. ఎవరైనా రాకపోతే కోప్పడేవారు కాదు, ఎంత ఎండైనా గొడుగు వేసుకుని వాళ్ళింటికి వెళ్ళేవారు. ఎందుకంత కంగారో మాకు తెలిసేది కాదు.

సెప్టెంబరులో మళ్ళీ లెక్కల్లోనే తప్పాను. పటమట వెళ్ళడం మానేశాను. గోడవైపు తిరిగి పడుకునేదాన్ని. ఓ వానపూట ఆవిడ బస్సు దిగి, బురదలో నడుచుకుంటూ మా ఇంటికొచ్చారు. నాన్న కుర్చీ వేసి, "ఇంక చాలండీ. దీనికి చదువు అబ్బదు. మీకెందుకు శ్రమ?" అన్నాడు.

ఆవిడ తడిసిన కొంగు పిండుకున్నారు.

"మా అబ్బాయి పది తప్పాడండీ. లెక్కల టీచరు కొడుకు లెక్కల్లో తప్పాడు. నాకు తల కొట్టేసినట్టయింది. వాడితో మాట్లాడ్డం మానేశాను. మాట్లాడదామనుకునేసరికి వాణ్ణి కాలవలోంచి తీసుకొచ్చారు."

నాన్న చేతిలో కాఫీ గ్లాసు కింద పెట్టాడు.

"అమ్మాయిని పాసు చేయిస్తానని నేను చెప్పడం లేదండీ. మీరు తనతో మాట్లాడండి. అంతే."

ఆవిడ వెళ్ళాక నాన్న వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఏం మాట్లాడాలో తెలియక, "అన్నం తిన్నావా?" అన్నాడు. మర్నాడు తనే బస్సెక్కించాడు.

మరుసటి వేసవిలో అత్తెసరు మార్కులతో పాసయ్యాను. ఇప్పుడు మా ఊరి బళ్ళో చిన్నపిల్లలకు పాఠాలు చెబుతున్నాను. అందరూ నాలా గట్టెక్కలేదు. నాతో కూర్చున్న ఒకమ్మాయి మళ్ళీ పరీక్షకే వెళ్ళలేదు. ఒకబ్బాయి చెప్పాపెట్టకుండా ఇల్లు వదిలి పోయాడు. ఆస్పత్రి మంచం మీద కూడా ఆవిడ వాడి సంగతే అడిగేవారు. "వాడికి నేను చెప్పింది చాల్లేదమ్మా" అన్నారోసారి. కాదనబోతే వద్దన్నట్టు చెయ్యి ఊపారు.

సోమవారం సాయంత్రమే గుణదల సమాధుల తోటలో కొడుకు పక్కనే ఆవిణ్ణి మట్టి చేశారు.

మర్నాడు పొద్దున నేను వసారా ఊడుస్తుంటే గేటు దగ్గరికి ఓ అమ్మాయి వచ్చింది.

"టీచరుగారున్నారాండీ?"

చెప్పాను. ఆ పిల్ల ఏడవలేదు.

"నిన్న పేపర్లో రిజల్ట్స్ వచ్చాయండీ. నా నంబరు లేదు. ఇంట్లో ఇంకా చెప్పలేదు. ముందు ఆవిడకి చెబుదామని..."

"లోపలికి రామ్మా" అన్నాను. కదల్లేదు. ఇంటికి వెళ్ళమనడానికి నాకు నోరు రాలేదు. చీపురు పక్కన పెట్టి వెళ్ళి, గేటు దగ్గరే నేల మీద కూర్చున్నాను. చాలాసేపటికి ఆ పిల్లా నా పక్కన కూర్చుంది. నేనెక్కాల్సిన కంకిపాడు బస్సు మా ముందునుంచే వెళ్ళిపోయింది.