పటం మీద చుక్క

మ్యూజియంలో అందరూ ఆవిడని చీమలక్క అంటారు. నువ్వుగింజంత చీమని అట్టముక్క కొసన జిగురుతో నిలబెట్టేటప్పుడు ఊపిరి బిగబట్టుకుంటుంది. పక్కన ఎవరైనా తుమ్మారో, చూపుతోనే చంపేస్తుంది. మీసానికి పన్నెండు కణుపులు, వీపున రెండు ముళ్లు, సన్నటి నడుముకి రెండు బుడిపెలు ఉంటే చాలు, ముళ్లచీమల తెగని ఇట్టే పోల్చుకుంటుంది. అవి కొండల్లో తప్ప బతకవు. అయినా ఆ చీమలు దొరికిన చోట్లని చుక్కలతో చూపే గోడ మీది పటంలో, కొండలకి ఎంతో దూరాన ఉన్న ఈ ఊరి దగ్గర ఒక్క చుక్క ఉంది. ఇరవై ఏళ్ల కిందట మ్యూజియం పెరట్లో ఆవిడే పట్టిన చీమ అది. పుస్తకాలకెక్కి ఆవిడకి పేరు తెచ్చింది.

మొన్న కొండమీది అత్తగారింటినుంచి తిన్నగా పనికొచ్చి సంచి విప్పితే, అంచున అదే రకం చీమ పాకుతోంది. ఆవిడ పాత డైరీ తిరగేసింది. ఆనాటి చీమని పట్టింది కూడా అత్తగారింటినుంచి తిరిగొచ్చిన రోజునే. లేచి డైరెక్టరు గదికి వెళ్లింది.

"ఆ చుక్క తప్పండి. చీమ నా సంచిలో వచ్చింది."

"ఇన్నేళ్లూ ఎవరూ అడగలేదు కదమ్మా, వదిలేయండి."

"ఆరు కాళ్లుంటే మాత్రం అంత దూరం నడిచొస్తుందాండీ?"

తిరిగొచ్చి పటం మీది చుక్కని బ్లేడుతో గీకేసింది. పాత చీమ అట్టముక్కని నిలబెట్టిన సూదికి కొత్త చీటీ గుచ్చింది. దొరికిన చోటు అన్న దగ్గర గుండ్రటి అక్షరాలతో రాసింది: నా చేతిసంచి.